ముక్కు అరిగిన డేగ

పళ్ళ మేస్త్రి చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే అనేస్తే ఓ పనైపోతుంది. ఎందుకంటే కాసేపట్లో మీకు అతని మీద ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. కట్టుకున్న భార్యకైతే మరీ మండింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడు చేసిన వెధవపనిని ఏం చేసుకుంటాం చెప్పండి?

పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రిలో వెనక గది అతనిది. ముందు గదిలో డాక్టరు పీకుతాడు, వెనక గదిలో ఇతను కడతాడు. కిటికీ కింద పొడుగాటి బల్ల. దాని మీద ప్లాస్టరు అచ్చులు వరసగా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. పక్కన మైనం కరిగించే చిన్న దీపం, సన్నటి కత్తులు, సానపట్టే మోటారు. ఆ మోటారు తిరిగిందంటే చిగుళ్ళ రంగు పొడి లేచి గోడకీ, గడియారానికీ, మేస్త్రి కనుబొమలకీ పట్టుకుంటుంది. ఇవాళ పని ఎంత ఉందో సాయంత్రం అతని కనుబొమలు చూసి భార్య చెప్పేస్తుంది.

మీసాలు రాకముందు ఆ గదిలో చేరాడు, మీసాలు నెరిశాక కూడా ఆ గదిలోనే ఉన్నాడు. వీధిలో సగం నవ్వులు అతని చేతివే. ఎవరైనా ఎదురై పలకరిస్తే మొహం చూడడు, నోరు చూస్తాడు. "బాగున్నాయా?" అంటాడు. పిల్లలా, కాళ్ళనొప్పులా అని తడుముకోనక్కర్లేదు, అతను అడిగేది పళ్ళ గురించే.

ఒకసారి పిసినారి రొట్టెల వ్యాపారి ఒకాయన, పోయిన అన్నగారి పళ్ళ సెట్టు జేబులో వేసుకుని వచ్చాడు. "మేస్త్రీ, మా అన్న పెద్దగా వాడలేదు. కొత్తదాన్లాగే ఉంది. నాకు కాస్త సరిచేసి పెట్టు" అన్నాడు. మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పళ్ళంటే గొడుగనుకున్నారా అయ్యా, వానొస్తే ఎవరిదో ఒకటి వేసుకుపోవడానికి? ఎంత కొత్తదైనా, ఎంత మంచిదైనా, ఒక నోటిది ఇంకో నోటికి పట్టదు" అని చెప్పి పంపించాడు. ఆ కథ ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు, ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక అతని పిచ్చి సంగతి. పనిలో చేరిన కొత్తలో వాడేసిన కోటొకటి కొనుక్కున్నాడు. జేబు చిరిగి, లోపలి గుడ్డలోకి ఏదో జారిపోయి ఉంది. తీసి చూస్తే సిపాయిలు టోపీ మీద పెట్టుకునే ఇత్తడి బిళ్ళ. రెండు కత్తులు, మధ్యలో కోట బురుజు. ఏ పటాలానిదో, ఏ యుద్ధానికి వెళ్ళిందో తెలుసుకుందామని బయల్దేరాడు. ఇంకా తిరిగి రాలేదు. పాతసామాను కొట్లు, సంతలు, వేలంపాటలు, ఎక్కడ చిలుము పట్టిన ఇత్తడి కనిపిస్తే అక్కడ మోకాళ్ళ మీద కూర్చునేవాడు.

ముందు గదిలో అద్దాల బీరువా ఉండేది. భార్య ముచ్చటపడి పింగాణీ సామాను కోసం కొనుక్కున్నది. కప్పు వెనక కప్పు వంటింట్లోకి వలసపోయింది, బిళ్ళ వెనక బిళ్ళ వచ్చి కూర్చుంది. "టోపీ ఒక్కటీ లేదు, తల ఒక్కటీ లేదు, బిళ్ళలు మాత్రం మా ఇంట్లో" అనేది ఆవిడ వచ్చినవాళ్ళతో. "టోపీలన్నీ నాకే పెట్టాడు లెండి."

బీరువాలో అరలకి లెక్కుంది. పై అరలో ఏ తలమీదా ఎక్కని కొత్తవి. దాని కింద మంచివి. ఆ కింద నలిగినవి, ఒంటి రెక్కవి, సొట్టపోయినవి. ఇక అడుగున బిస్కెట్ల డబ్బా ఒకటి, అది తుక్కు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఓ శాస్త్రం ఉంది: చిలుము ఉంటే ఉండనివ్వాలి గానీ తోమకూడదు. తోమితే గీతలు చస్తాయి. మొహం అరిగిపోయిన బిళ్ళని వాళ్ళు 'తోమి చంపింది' అంటారు. ఇంకో అలవాటూ ఉంది. అదే పటాలం బిళ్ళ ఇంకాస్త మంచిది దొరికితే, ఉన్నదాన్ని పీకి డబ్బాలో పడేసి, కొత్తదాన్ని ఆ మేకుకే తగిలిస్తారు. చేయి వణకదు. పటాలం అదే, మేకు అదే, బిళ్ళ మెరుగైంది, ఇంక బాధేముంది అనుకుంటారు. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచింది.

ఆసుపత్రికి రెండిళ్ళ అవతల గుండీల కొట్టు. నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులు, ప్రతి సొరుగు మొహాన లోపలున్న గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. కొట్టు నడిపేది గుండీల పెద్దమ్మ. వీధంతటికీ పెద్దమ్మే, పెద్దమ్మ కంటే పెద్దవాళ్ళకి కూడా. చూపు తగ్గినా ఆవిడ సొరుగు మొహం చూడదు, లోపల చేయి పెట్టి బొటనవేలితో తడిమి, "ఇదిగో, నీ కోటుది" అని తీసిస్తుంది. తప్పిన రోజు లేదు.

ఆవిడ పైపళ్ళ సెట్టు కట్టింది మేస్త్రే. అది కట్టినప్పుడు చుక్కలు కనిపించాయి. పెట్టి చూసుకుని, నాలుకతో అటూ ఇటూ నెట్టి, "ఎడమపక్క వెంట్రుకంత ఎత్తుంది నాయనా" అనేది. "ఏం లేదు పెద్దమ్మా, మీ భ్రమ" అని ఇతను తీసుకెళ్ళి కొరికితే గుర్తు పడే నీలం కాగితం పెట్టి చూస్తే, అక్కడే, ఎడమపక్కే, వెంట్రుకంతే ఎత్తు. అలా ఎన్నిసార్లు తిరిగిందో! ప్రతిసారీ ఆవిడే గెలిచింది. అటువంటి మనిషి చేతికి ఏమిస్తున్నాడో ఆలోచించాల్సిన బుద్ధి ఉండక్కర్లా?

ఓ మధ్యాహ్నం పెద్దమ్మ వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాయనా, టంకం పెట్టడం నీకొచ్చుగా?"

"వచ్చు పెద్దమ్మా. ఏం విరిగింది?"

చేతిరుమాలు విప్పింది. లోపల బిళ్ళ. మేస్త్రి గుండె ఒక్కసారి ఎగిరింది, మరుక్షణం కూలబడింది. అరిగిపోయిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. రెక్కలు చాపిన డేగ అని తెలిసినవాడికే తెలుస్తుంది. ముక్కు లేదు, కన్ను లేదు, కింద ఉండాల్సిన అక్షరాల చోట మెరుపు తప్ప ఏమీ లేదు. వెనకాల కొక్కెం ఊడి చేతిరుమాలు అడుగున పడి ఉంది.

"మా తమ్ముడిది" అంది పెద్దమ్మ. "సెలవుకొచ్చినప్పుడల్లా కొట్టు గడప మీద కూర్చుని తోమేవాడు. సుద్దపొడి ఇంత, బొటనవేలు, అంతే. 'ముక్కు దగ్గర మొదలెట్టి రెక్కల్లోకి పోవాలక్కా' అనేవాడు. ఆఖరిసారి వెళ్ళేటప్పుడు కొత్తదేదో ఇచ్చారట, ఇది నా చేతిలో పెట్టి, 'నేనొచ్చేదాకా మాసిపోనివ్వకు' అన్నాడు."

వచ్చాడా అని మేస్త్రి అడగలేదు. అడగక్కర్లేదు.

"ప్రతి శనివారం కొట్టు కట్టేశాక తోముతాను" అంది పెద్దమ్మ. "మాసిపోనివ్వలేదు."

"రేపొచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు మేస్త్రి.

నిజానికి కొక్కెం అతకడం అతనికి చిటికెలో పని. కానీ ఇంటికి తీసుకెళ్ళి దీపం కింద పెట్టి చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. పాపం, ఎంత చక్కటి డేగ, ఎంత పాడుగా అరిగింది! అదే పటాలం బిళ్ళలు అతని దగ్గర రెండున్నాయి. ఒకటి పై అరలో, రెండోది మారకం కోసం సొరుగులో. రెండోదాని ముక్కు కూడా గుచ్చుకునేంత పదునుగా ఉంది. అది బయటికి తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. పెద్దమ్మ మొహం ఎలా వెలుగుతుందో కళ్ళకి కట్టింది. మనసులో మంచే ఉంది, కాదనను. మంచితోపాటు 'నేనెంతటివాణ్ణో చూడు' అన్నది కూడా బోలెడు ఉంది. పెద్దమ్మ బిళ్ళని బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. టంగుమంది.

మర్నాడు ఆవిడ వచ్చింది. చేతిలో పెట్టాడు. ఆవిడ బొటనవేలు దాని మీదికి వెళ్ళి, ఆగింది.

"ముక్కొచ్చిందే!"

"చూశారా మరి!" అన్నాడు మేస్త్రి, కనుబొమలెగరేసి.

"ఎలా తెప్పించావు నాయనా? అక్షరాలు కూడా తగులుతున్నాయి."

అప్పుడైనా అనొచ్చుగా, ఇది వేరే బిళ్ళ పెద్దమ్మా, మీకోసం తెచ్చానని? అనలేదు. అంటే ఆవిడ ఆశ్చర్యం సగానికి పడిపోతుందని. ఊరికే నవ్వాడు. ఆవిడ వేలు బిళ్ళ మీదే ఉంచుకుని, మెల్లగా వెళ్ళిపోయింది.

ఆదివారం బిళ్ళల పిచ్చివాళ్ళందరూ రిటైరైన రైలు గార్డు వరండాలో కలుస్తారు. అక్కడ మేస్త్రి ఈ కథ చెప్పాడు. చెప్పడం కూడా ఎలా? "తోమి తోమి చంపేసింది మహాతల్లి! డేగ కాస్తా కోడిగుడ్డయి కూర్చుంది!" అందరూ విరగబడి నవ్వారు. "పై అరలో ఉండాల్సిందాన్ని ఊరికే ఇచ్చేశావా? నీది దొడ్డ మనసయ్యా" అన్నాడు గార్డు. మేస్త్రి ఇంటిదాకా ఆ మాటని నంజుకుంటూ వచ్చాడు.

సోమవారం పొద్దున ఆసుపత్రి కిటకిటలాడుతోంది. బుగ్గలో దూది పెట్టుకున్నవాళ్ళు, చెంప పట్టుకుని మూలిగేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళ మధ్యలోంచి నడిచి వచ్చింది. వెనక గది తలుపు తెరిచే ఉంది.

"నాయనా, తప్పుగా అనుకోకు. ఇది మాది కాదేమో. మీ ఇంట్లో అలాంటివి బోలెడు ఉంటాయిగా, పొరపాటున మారిందేమో ఓసారి చూడు."

చేతులు కడుక్కుంటున్న డాక్టరు వెనక్కి తిరిగాడు. "ఏంటి మేస్త్రీ, పెద్దమ్మ సామాను మార్చేశావా?" అని నవ్వాడు. దూది బుగ్గలన్నీ ఇటు తిరిగాయి.

ఆ పనిలో అంతకు మించిన తిట్టు లేదు. ఒకరిది ఇంకొకరికి ఇచ్చాడని పేరొస్తే పళ్ళు కట్టేవాడు బల్ల సర్దుకోవాల్సిందే. మేస్త్రికి చెవులు వేడెక్కాయి. నాలుక తనంతట తనే ముందుకెళ్ళిపోయింది.

"అదే పెద్దమ్మా. ఇన్నేళ్ళ మకిలి పేరుకుని గీతలు పూడిపోయాయి. తీసేశాను, లోపలున్నది బయటపడింది. అంతే."

"మకిలా?"

"ఆఁ, మకిలే."

పెద్దమ్మ చేతిలోకి చూసుకుంది. "ఇన్నేళ్ళూ నేను తోమింది మకిలినా?"

"అలా జరుగుతూ ఉంటుందిలెండి. మీ తప్పేం లేదు."

వినండి! చెయ్యని తప్పుకి ఆవిడని క్షమించి పంపిస్తున్నాడు మహానుభావుడు!

"మాసిపోనివ్వకన్నాడు" అంది పెద్దమ్మ, ఎవరితోనో కాదు, బిళ్ళతో. వచ్చినప్పుడు నిటారుగా వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడు కుర్చీల వీపులు పట్టుకుంటూ వెళ్ళింది.

ఆ రోజు నుంచి మేస్త్రి గుండీల కొట్టు ముందు నుంచి నడవడం మానేశాడు. ప్రెస్సు వెనక సందులోంచి చుట్టూ తిరిగి ఇల్లు చేరేవాడు. కోటు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు. "ఆసుపత్రి పక్కనే గుండీల కొట్టు పెట్టుకుని పిన్నీసుతో తిరుగుతావేం?" అని భార్య అడిగితే, తీరిక లేదన్నాడు. చెప్పేద్దాం అనుకునేవాడు. రేపు చెప్దాం అనుకునేవాడు. పోనీలే, కొత్తది మంచిదేగా, అలవాటు పడుతుందిలే అని కూడా అనుకున్నాడు. ఈ చివరి మాటకి తనకే మొహం చెల్లక దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

అలా ఉండగా పెద్దమ్మ కోడలు పంటినొప్పితో వచ్చింది. చిన్నప్పటి నుంచి కష్టం తెలిసిన పిల్ల, నోరు మంచిది. తన వంతు వచ్చేలోగా వెనక గదిలోకి తొంగి చూసింది.

"మా అత్తయ్య సంగతి మీతో చెప్పాలనుకుంటున్నా మేస్త్రిగారూ. ఆవిడకి వయసు మీద పడిపోయింది, ఒక్కసారే."

మేస్త్రి మైనం మీద కత్తి ఆపలేదు. "ఏమైంది?"

"ఏముంది, వేలు అబద్ధం చెప్తోందంటుంది. గుండీ ఇచ్చి, మళ్ళీ లాక్కుని, 'ఇది అదేనా? సరిగ్గా చూడు' అని కొనడానికొచ్చినవాళ్ళనే అడుగుతుంది. మొన్న టైలరు చొక్కా గుండీలడిగితే ఏది తియ్యాలో తేలక సొరుగు సొరుగంతా కిందపోసింది. కింద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆయనా నేనూ అనుకుని తాళాలు నేను తీసుకున్నాను. ఏం చెయ్యమంటారు? కొట్టు నడవాలిగా."

"తాళాలు తీసుకున్నారా?"

"ముందు బిళ్ళ మారిపోయిందంటే నేనూ నమ్మేశాను. ఆవిడ వేలు ఎప్పుడైనా తప్పిందా! తర్వాత మీరే అదేనన్నారని తెలిసింది. మీరంతటివాళ్ళు చెప్పాక ఇంకేముంది? ఆవిడకే మతి తప్పిందని అర్థమైపోయింది."

కత్తి జారి మైనం పన్ను విరిగి కింద పడింది. చెప్పు, ఇప్పుడు చెప్పు, మనిషివైతే ఇప్పుడు చెప్పు అని లోపలెవరో డొక్కలో పొడుస్తున్నారు. నోరు తెరిచాడు. "నొప్పికి డాక్టరుగారు మాత్రిస్తారు, తగ్గిపోతుంది" అన్నాడు. ఆ అమ్మాయి దండం పెట్టి మరీ వెళ్ళింది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే బీరువా ముందు కూలబడి, బిస్కెట్ల డబ్బా బోర్లించాడు. విరిగిన కత్తులు, తలల్లేని సింహాలు, సొట్టపోయిన కిరీటాలు నేలంతా పరుచుకున్నాయి. వాటి మధ్యలో పెద్దమ్మ డేగ. చేతిలోకి తీసుకుని బొటనవేలు పెట్టి చూశాడు. వేలు ఆనే చోట నున్నటి పల్లం. అతని వేలికి ఇరుకు.

"ఏం వెతుకుతున్నావు?" అంది భార్య గుమ్మంలోంచి.

చెప్పాడు. మొదట్నుంచీ చెప్పాడు. గార్డు వరండాలో అన్న కోడిగుడ్డు మాటతో సహా. ఆవిడ నించునే వింది. నేల మీది తుక్కు వైపు చూసింది. అరిచినా బాగుండేది.

"రొట్టెలాయన్ని చూసి ఎంత నవ్వావు!" అంది చివరికి. "ఆయన నయం. చచ్చిపోయిన అన్న పళ్ళు తన నోట్లోనే పెట్టుకుంటానన్నాడు. నువ్వు ఆవిడ నోట్లో పళ్ళు పీకేసి ఎవరివో పెట్టి, పైగా ఇవి మీవే, ఇన్నాళ్ళూ తోముకోలేదు అన్నావు."

"సిగ్గుతో చచ్చిపోతున్నా."

"చావకు. నీ సిగ్గు కూడా తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకుంటే ఆవిడకేం ఒరుగుతుంది?"

"మెల్లగా వెళ్ళి ఇది ఇచ్చేసి అది తెచ్చేస్తే... ఇంకాస్త సరిచేస్తానని అడిగి..."

"దొంగతనంగా మార్చావు, ఇప్పుడు దొంగతనంగా తిరిగిస్తావా?" అంది భార్య. "మరి తాళాలు ఎవరు తిరిగిస్తారు?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి.

మర్నాడు ఆసుపత్రి తెరవగానే కొక్కెం అతికాడు. తోమి తోమి పలచబడిన ఇత్తడి, సెగ కాస్త ఎక్కువైతే చిల్లు పడుతుంది. ఊపిరి బిగబట్టి చేశాడు. చిలుము లేదు, మచ్చ లేదు, మకిలి చుక్క లేదు. అంత శుభ్రమైన ఇత్తడిని అతను జన్మలో చూడలేదు. దానికి మకిలి అని పేరు పెట్టినవాడు తనే.

మధ్యాహ్నం గుండీల కొట్టుకి వెళ్ళాడు. భార్య ఎన్ని చెప్పినా బుద్ధి ఎక్కడికి పోతుంది, దారిపొడుగునా మనసులో వల్లె వేసుకున్నది ఆ పాత పాఠమే: ఇంకాస్త సరిచేసిస్తాను, ఇలా ఇవ్వండి పెద్దమ్మా. కోడలు బల్ల దగ్గర ఉంది. ఎదురుగా టైలరు, పక్కన సంగీతం టీచరు. కోడలు ఏ సొరుగో తెలియక మూడోది లాగుతోంది. "అత్తయ్య లోపలున్నారు, వెళ్ళండి" అంది.

వెనక గదిలో కిటికీ పక్కన పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పాత గుడ్డ, పక్కన పళ్ళెంలో ఇటుకపొడి. సుద్దపొడి కాదు, ఇటుకపొడి. కొత్త బిళ్ళని ఒత్తి ఒత్తి తోముతోంది. బొటనవేలికి చుట్టిన పీలిక మీద ఎర్రగా తడి.

"రా నాయనా, కూర్చో" అంది. "ముక్కు ఇంకా గుచ్చుకుంటోంది. ఇంకొన్నాళ్ళు తోమితే దార్లోకొస్తుందిలే. ఈసారి మకిలి పట్టనివ్వను."

వల్లె వేసుకున్న పాఠం అక్కడే చచ్చింది. మేస్త్రి కూర్చోలేదు. జేబులోంచి డేగని తీసి పళ్ళెం పక్కన పెట్టాడు.

పెద్దమ్మ దాన్ని చూడలేదు. వేలి పీలిక విప్పింది. పుండుపడ్డ బొటనవేలు దాని మీద ఆనించింది. ముక్కు దగ్గర మొదలుపెట్టి, రెక్క చివరి దాకా పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది.

"నేనే మార్చాను పెద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "మీది పాడైపోయిందనుకుని, మంచిది ఇద్దామని. ఆ తర్వాత అందరి ముందూ అబద్ధమాడాను. దాని మీద మకిలి లేదు. ఎప్పుడూ లేదు."

బిళ్ళ మీంచి వేలు తియ్యకుండానే అడిగింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు దీన్ని?"

"డబ్బాలో."

"ఏ డబ్బా?"

మేస్త్రి నేల చూశాడు. "తుక్కు డబ్బా."

పెద్దమ్మ తల ఊపింది. కోపం వచ్చి ఉంటే అతను బతికిపోయేవాడు. ఆవిడ బిళ్ళలు రెండింటినీ చెరో చేతిలోకి తీసుకుని లేచింది.

"నాకెందుకు చెప్తున్నావు నాయనా? నాకు మొదట్నుంచీ తెలుసు. నా వేలు చెప్పింది. నేనే దాని మాట వినకుండా నీ మాట విన్నాను. తెలియనివాళ్ళు అక్కడున్నారు, పద."

కొట్టులోకి తీసుకొచ్చి నిలబెట్టింది. కోడలు, టైలరు, సంగీతం టీచరు, అప్పుడే లోపలికొచ్చిన ఇంకెవరో. మేస్త్రి మొదలుపెట్టాడు. గొణుగుడే వచ్చింది.

"గట్టిగా" అంది పెద్దమ్మ. "నాకు చెవులు బాగానే ఉన్నాయి. వాళ్ళకి వినపడాలి."

గట్టిగా చెప్పాడు. బిళ్ళ మార్చింది నేను, పెద్దమ్మ వేలు సరిగ్గానే చెప్పింది, మకిలన్నది నా అబద్ధం, ఆవిడ మతికి ఏమీ కాలేదు, అని. చెప్తున్నంతసేపూ సొరుగుల మీది గుండీలన్నీ తనవైపే చూస్తున్నట్టనిపించింది. టైలరు తన బూట్లు చూసుకున్నాడు. కోడలు మొహం కందగడ్డయింది. నడుముకి దోపుకున్న తాళాలు తీసి బల్ల మీద పెట్టి, "అత్తయ్యా, నేను కూడా..." అని ఆగిపోయింది.

"నువ్వేం చేస్తావమ్మా, పెద్దమనుషులు చెప్తే నమ్మావు" అంది పెద్దమ్మ. తాళాలు తీసుకుంది. తన స్టూలు మీద తను కూర్చుంది. టైలరుని ఏం కావాలని అడగలేదు, అతని చేతిలోని కోటు గుండీ కాజా ఒకసారి తడిమి, పక్క సొరుగులో చేయి పెట్టి, ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. టైలరు పెట్టి చూశాడు. సరిపోయింది.

మేస్త్రి వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడ్డాడు. పెద్దమ్మ కొత్త బిళ్ళని అతనివైపు జరిపింది.

"ఇది నీది. ఇటుకపొడితో కాస్త గీతలు పడ్డాయి, ఏమనుకోకు."

అతను జేబులో వేసుకుని గుమ్మందాకా వెళ్ళాడు.

"నాయనా."

వెనక్కి తిరిగాడు. పెద్దమ్మ దవడ అటూ ఇటూ కదిలిస్తోంది. నాలుకతో పైపళ్ళని ఎడమపక్క నుంచి కుడిపక్కకి తడుముకుంటోంది.

"ఈ పళ్ళయినా నావేనా?"

సంగీతం టీచరు నవ్వబోయి, మేస్త్రి మొహం చూసి మానేసింది.

"మీవే పెద్దమ్మా! ఒట్టు. మీ అచ్చు మీదే, నా చేత్తో కట్టాను."

పెద్దమ్మ తాళాలు నడుముకి దోపుకుంది.

"అప్పుడూ ఇలాగే అన్నావు" అంది. అని టైలరు వైపు తిరిగి, "ఇలాంటివి ఎన్ని కావాలి నీకు?" అని అడిగింది.